కేంటన్‌లో ఒక కంచు ముఖం

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న మా తమ్ముడు, ఒక ఆదివారం నన్ను కేంటన్ పట్టణానికి తీసుకువెళ్లాడు. అక్కడ ఫుట్‌బాల్ వీరుల స్మారక మందిరం ఉన్నది.

"బంతాటకు గుడి కట్టారట్రా!" అని నవ్వాను.

అది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకనబెట్టుకుని ఒకడు పరుగెత్తుతాడు. పదిమంది మీదపడి కూలదోస్తారు. 1920లో ఈ కేంటన్‌లోనే, ఒక మోటారు కార్ల దుకాణంలో, నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది.

మందిరంలో వరుసగా కంచు విగ్రహాలు. తమ్ముడు ఒకదానిముందు ఆగాడు. ఫ్రిట్జ్ పోలార్డ్. 1894లో షికాగోలో పుట్టిన నల్లజాతివాడు. పొట్టి మనిషి. పొరుగూరు ఏక్రన్ జట్టు ఓటమి ఎరుగక తొలియేడే విజేత కావడానికి ముఖ్యుడతడే. 1921లో ఆటగాడూ, శిక్షకుడూ తానే అయినాడు.

కిందపడగానే వెల్లకిలా తిరిగి కాళ్లు పైకెత్తేవాడట. ఆ మేకుల బూట్లను చూచి, కసిగా మీద దూకబోయేవారు వెనక్కు తగ్గేవారట! ఏక్రన్‌లో మొదట తోటివారితోపాటు దుస్తులు మార్చుకునే వీలుకూడా లేక, యజమాని చుట్టల కార్ఖానాలో మార్చుకున్నానని తానే తరువాత చెప్పుకున్నాడు.

1934 నుంచి పన్నెండేళ్లు ఆ లీగ్‌లో నల్లవారికి చోటే లేకపోయింది. మరొక నల్లజాతి ప్రధాన శిక్షకుడు 1989లోగాని రాలేదు. అప్పటికి పోలార్డ్ పోయి మూడేళ్లు. ఈ కంచు ముఖం వెలసింది 2005లో!

గుడి అని వేళాకోళం చేసిన నాకు, అక్కడ చెప్పులు విడవాలనిపించింది.