బాగుంది... వండినదెవరు?

'ఒక్కో హోటల్‌ వాళ్లూ రెండేసి ముద్దలే పెడతారా! దానికి టికెట్టు కొనుక్కుని పోవాలా!'

టికెట్లు చూపించగానే మా పెద్దమ్మ అన్న మొదటి మాట ఇది. అనదు మరి! గుంటూరు బ్రాడీపేటలో ఇరవై రెండేళ్లు మెస్‌ నడిపిన మనిషి. 'ఇంకాస్త వేసుకో నాయనా' అనడమే తప్ప ముద్దలు లెక్కపెట్టడం ఎరగదు. 2020లో లాక్‌డౌన్‌కి మూతపడిన ఆ మెస్‌ మళ్లీ తెరుచుకోలేదు. అప్పట్నుంచీ కూకట్‌పల్లిలో కొడుకు దగ్గరే ఉంటోంది. పొయ్యి దగ్గర పనిలేక, టీవీ ముందు పొద్దుపోక, మనిషి మాటలే తగ్గించేసింది. అందుకే బలవంతంగా బయల్దేరదీశా.

జనవరి చివర్లో ఓ శనివారం సాయంత్రం. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగాం. అక్కణ్నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. ఓ పెద్ద హోటల్‌ వెనకున్న పచ్చికలో ఇరవైకి పైగా రెస్టారెంట్లు స్టాళ్లు పెట్టాయి. గేటు దగ్గర చేతికో కాగితం పట్టీ కట్టి, తలా ఒక చెక్క బిళ్ల ఇచ్చారు. అన్నీ రుచి చూశాక, మనకు నచ్చిన స్టాల్‌ డబ్బాలో ఆ బిళ్ల వేయాలి. ఎక్కువ బిళ్లలు పడినవారికి బహుమతి.

హైదరాబాద్‌ను యునెస్కో 2019లో వంటకాల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఎందుకో తెలియాలంటే అక్కడ పది అడుగులు వేస్తే చాలు. ఒకచోట కాలిన రాతి పలక మీద చుయ్‌మంటున్న పత్థర్‌ కా గోష్త్‌. దాని పక్కనే నిమ్మకాయంత రాగి సంకటి, మీద చెంచాడు నాటుకోడి పులుసు. ఆ పక్కన గోంగూర మటన్‌. ఎదురుగా ఖుబానీ కా మీఠా... నానబెట్టి ఉడికించిన ఎండు ఆప్రికాట్ల మీద చిక్కటి మీగడ!

పెద్దమ్మ ప్రతిచోటా తినేది, మెచ్చుకునేది, ఒకటే ప్రశ్న వేసేది.

'బాగుంది బాబూ. వండినదెవరు?'

'ఇది మా స్పెషల్‌ ఆంటీ' అన్నాడు ఒకబ్బాయి. 'మా చెఫ్‌గారండీ, ఫొటోలకు వెళ్లారు' అంది ఇంకో అమ్మాయి. 'ఆయన కూరకి తాలింపు పెట్టాడా, పేరు పెట్టాడా?' అని నా చెవిలో గొణిగింది పెద్దమ్మ.

హలీం స్టాల్‌ దగ్గర ఇక ఆగలేదు. తెర తొలగించి వెనక్కి వెళ్లిపోయింది! అక్కడ యాభై దాటిన ఒకాయన పెద్ద పాత్రలో ఘోట్నీ తిప్పుతున్నాడు. అది చెక్కతో చేసిన పొడవాటి రోకలి లాంటిది. గోధుమలు, మాంసం, పప్పులు, మసాలాలు గంటల తరబడి సన్నటి సెగ మీద ఉడకాలి. ఏది గోధుమో, ఏది మాంసమో తెలియనంతగా మెదగాలి. 2010లోనే భౌగోళిక గుర్తింపు పొందిన వంటకమిది. 'పొద్దున ఐదింటికి పొయ్యి ముట్టించినా అమ్మా. తిప్పుడు ఆపితే అడుగంటుతది' అన్నాడాయన, చెయ్యి ఆపకుండానే. భుజం నొప్పికి ఏం రాస్తాడో అడిగి తెలుసుకుంది పెద్దమ్మ.

చివర్లో ఆత్రేయపురం పూతరేకులు. 2023లో వీటికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, ఆ కుండ మీద ఒక్క లాగు లాగితే చాలు, కాగితంకన్నా పల్చటి రేకు! ఆ రేకు తీస్తున్నావిడ పెద్దమ్మ చేతుల వైపు చూసింది. మోచేతి దాకా పాత కాలిన మచ్చలు.

'మీరూ పొయ్యి దగ్గరి మనిషేనాండీ?'

పెద్దమ్మ ఓ క్షణం మాట్లాడలేదు. మెస్‌ బోర్డు మీద ఉన్నది పెదనాన్న పేరు. 'భోజనం బాగుందండీ' అని కుర్రాళ్లు చెప్పి వెళ్లిందీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయనకే. అన్నేళ్లలో వంటింట్లోకి తొంగిచూసి అడిగినవాళ్లు ఎంతమంది? 'అవునమ్మా, ఇరవై రెండేళ్లు' అంది నెమ్మదిగా. తన చెక్క బిళ్ల తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

'డబ్బాలో వేయాలి పెద్దమ్మా! లేకపోతే లెక్కలోకి రాదు.'

'డబ్బాకేం తెలుసే!'

ఆవిడ నవ్వి బిళ్లను కొంగున ముడేసుకుంది. నా బిళ్ల మాత్రం హలీం డబ్బాలోనే వేశా. ఆయనకూ ఓ లెక్క దక్కాలి కదా.

ఇలాంటి విందుకు మీరూ వెళ్తే ముందు ఒక చుట్టు ఊరికే తిరిగి చూడండి. కారం తక్కువున్నవాటితో మొదలుపెట్టండి. తీపిని ఆఖరికి ఉంచుకోండి. వీలైతే ఒక్కసారి తెర వెనక్కీ తొంగిచూడండి. అసలు రుచి అక్కడే ఉంటుంది.

తిరుగు మెట్రోలో అడిగా, 'కడుపు నిండిందా పెద్దమ్మా?' అని.

'నాలుక నిండింది. కడుపుకి ఇంటికెళ్లి పెరుగన్నం తింటాలే' అంది. అమీర్‌పేట వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి ఇటు తిరిగి, 'ఏమే, అక్కడ స్టాల్‌ పెడితే అద్దెంత తీసుకుంటారట?' అంది.

'ఎందుకు పెద్దమ్మా?'

'ఊరికేనే...' కాసేపాగి మళ్లీ తనే అంది. 'గోంగూర పప్పు రెండు ముద్దలతో ఆగదే. నేనైతే మూడు పెడతా!'