కౌబాయి మగతనము

మగతనమునకు మాదిరి చూపుమనిన లోకము నేడును కౌబాయి బొమ్మనే చూపును. వెడల్పు అంచుల టోపీ, నడుమున పిస్తోలు, ముక్తసరి మాట, తడియెరుగని కన్ను. అమెరికా పడమటి సీమలలో పుట్టిన యీ బొమ్మ 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ చిత్రముతో మన తెలుగు తెరమీదికిని గుఱ్ఱమెక్కి వచ్చినది. మా బంధువుల పిల్లవాడొకడు అట్టి టోపీ పెట్టుకొని తిరుగుచు, పడి మోకాలు గీరుకొని యేడ్వగా, “కౌబాయి ఏడుస్తాడుట్రా?” అని తండ్రి గద్దించుట మేము వింటిమి. ఆ తండ్రి యెరిగిన కౌబాయి వేరు, చరిత్రలోని కౌబాయి వేరు.

1865లో అమెరికా అంతర్యుద్ధము ముగిసిన పిదప ఇంచుమించు ఇరువది యేండ్లు టెక్సాసు పశువులను మందలు మందలుగా కాన్సాసు రైలు స్టేషనులకు తోలిన కూలివారు వీరు. గుఱ్ఱపుస్వారియు, త్రాడు విసరు నేర్పును మెక్సికో పశుపాలకులగు వకేరోలనుండి వచ్చిన విద్యలు. కౌబాయీలలో నల్లవారును, మెక్సికనులును పెక్కుమంది. నెలకు 30, 40 డాలర్ల జీతము సంసారమున కేమూల? యజమానులకు కావలసినవారును బ్రహ్మచారులే. ఎదిగిన మగవానిని ‘బాయి’ యని పిలుచుటలోనే ఆ కొలువు పాటి యెంతయో తెలియుచున్నది.

నెలల తరబడి స్త్రీ లేనిచోట స్త్రీల పనులు ఆగునా? వండుట, ఉతుకుట, చినుగులు కుట్టుట, జ్వరపడినవానికి ఉపచారము చేయుట, అన్నియు మగవారే చేసికొనిరి. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అను పశువుల ఆసామి కల్పించిన వంటబండి చుట్టునే వారి సంసారమంతయు తిరిగెను. ఆ వంటవానికి ‘ముసలమ్మ’ యనుట యొక పరిహాసపు పేరు. నాట్యము చేయవలెనని ముచ్చటపడినపుడు ఆడువారు చాలకపోయిన, కొందఱు చేతికి రుమాలు చుట్టుకొని ఆడువారి వంతు ఆడిరి. ఇది వారికి వేడుక, తలవంపు గాదు.

వారిలో కొందఱి చెలిమి చెలిమిని మించినదా? మించినదనుటకు మాకు సంకోచము లేదు. 1948లో ఆల్ఫ్రెడ్ కిన్సే ప్రకటించిన గ్రంథము, పడమటి సీమల పశుపాలకులలోను, గనులు వెదకువారిలోను, కలపకూలీలలోను పురుషులకు పురుషులతోడి సంబంధములు అరుదు కావని వ్రాసినది. అందఱు నట్టివారని మే మనుట లేదు. ఎవరును కారనుటయే అబద్ధము.

ఐడహోలో జో మొనహాన్ అనునతడు గుఱ్ఱములను మచ్చిక చేయుచు, పశువులను పెంచుచు ఒంటరిగా బ్రతికెను. 1904లో అతడు చనిపోగా, పాతిపెట్టుటకు సిద్ధపరచువారికి దేహము స్త్రీదని తెలిసెను. వెంటనే పత్రికలవా రొక కథ యల్లిరి: కలవారి బిడ్డయట, ప్రేమించి మోసపోయెనట, సిగ్గుతో మగవేషము దాల్చెనట! ప్రేమలో మోసపోనిదే ఆడుది యే పనికిని పూనుకొనదని వారి నమ్మకము కాబోలు. ఇట్టివారి వార్తలు ఆనాటి పత్రికలలో కొల్లలుగా నున్నవనియు, సులువైన కారణములు అంటగట్టి తరువాతివారు వారిని మఱుగుపరచిరనియు పీటర్ బోగ్ అను చరిత్రకారుడు 2011లో ప్రకటించిన గ్రంథమున చూపెను.

పురుషదేహముతో పుట్టి స్త్రీగా బ్రతికినవారికి ఆ పాటి కథయు దక్కలేదు. డకోటా సైనికశిబిరములో బట్టలుతికి, కుట్టుపని చేసి, కాన్పులకు మంత్రసానియై నిలిచిన యొకామెను అందఱును మిసెస్ నాష్ అనిరి. ఆమె కౌబాయీల గుంపులోనిది కాదు, కాని ఆ సీమదే, ఆ కాలముదే. 1878లో అవసానదశయందు ఆమె, తన్ను కడుగక కట్టుబట్టలతోనే వెంటనే పూడ్చుడని వేడుకొనెను. అట్లు చేయుట మర్యాద కాదని చెలులు స్నానము చేయింపబూనిరి, మర్మము బయటపడెను. అప్పుడు దూరమున నున్న భర్త తిరిగివచ్చి, తోడి సైనికుల యెగతాళికి తాళలేక కొలది దినములలో తన్ను తాను కాల్చుకొని మరణించెను. ఆమె చేసిన కాన్పులు అప్పు డెవరికిని జ్ఞాపకము రాలేదా యని మే మడుగుచున్నాము.

మఱి యీ మగతనపు బొమ్మను చెక్కిన దెవరు? 1874 మొదలు ఇనుపముండ్లతీగెలు బయళ్లను కట్టివేసెను. దూరపు తోలకములు ముగిసెను. అటుపిమ్మట 1902లో తూర్పుదేశపు విద్యాధికుడగు ఓవెన్ విస్టర్ ‘ది వర్జీనియన్’ అను నవల వ్రాసి, కూలివానిని వీరుని గావించెను. ఈ వీరుని నీడలో, 1873లో రెండువేలకు పైబడిన పశువులతో, పిల్లలను వెంటనిడుకొని విచిటా చేరి అచ్చటనే కన్నుమూసిన విధవ మార్గరెట్ బోర్లాండ్‌కు చోటు లేకపోయెను.

రోడియో యను స్వారిపందెములలోను ఇదే వరుస. 1929లో పెండిల్టన్ పందెములో బానీ మెక్‌కారల్ గుఱ్ఱముమీదనుండి పడి మరణింపగా, పొగరుగుఱ్ఱముల స్వారి స్త్రీలకు తగదని అచ్చట మానిపించిరి. మగవారు పడి చచ్చినప్పుడు మగవారికి తగదని యెవరును మానిపింపలేదు. 1948లో స్త్రీలు తమ సంఘమును తామే స్థాపించుకొనిరి. 1976లో నెవాడాలోని రీనో పట్టణమున స్వలింగప్రియులు తమ రోడియో నడపిరి. 1988లో అదే రాష్ట్రమున వారి పందెమును న్యాయస్థానపు టుత్తరువుతో నిలుపుదల చేయించిరి. ఆ పందెములు నేటికిని జరుగుచున్నవి. అందు స్త్రీలును ఎద్దులమీద స్వారి చేయుదురు.