ప్రార్థనవేళ మోకరింపని బాలుడు

2018వ సంవత్సరపు చలికాలమున మా యేడవ తరగతిలో ఒక బాలుడు ప్రతిదినమును ప్రార్థన గంట మ్రోగిన పిమ్మటనే వచ్చుచుండెను. వచ్చియు, తక్కినవారివలె మోకరింపక గోడ నానుకొని నిలుచుండెను. మధ్యాహ్నమైనంతనే మైదానములో చెండాటకు మాత్రము సిద్ధము. ఉదయమున లేని కాళ్లు మధ్యాహ్నమున కెట్లు వచ్చెనని మేము వానిని పరిహసించితిమి. రెండు పర్యాయములు బెంచిపై నిలువబెట్టితిమి. వానికి అదెంతటి శిక్షయో అప్పుడు మే మెఱుగము.

ఒకనాడు వాని తల్లి వచ్చి, "పంతులుగారూ, పొద్దున వాని చొక్కా గుండీలు కూడ నేనే పెట్టవలెనండీ, వాని వేళ్లు వంగవు" అని చెప్పెను. అప్పుడు గదా మేము వాని చేతులను చూచితిమి! వేళ్ల నడిమి కణుపులు వాచియుండెను. తరువాత వానిని పరీక్షించిన వైద్యుడు, అది బాల్యమున వచ్చు కీళ్లవాతమనియు, శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి కీళ్ల లోపలి పొరను బాధించుననియు, రాత్రి విశ్రాంతిచే బిగిసిన కీళ్లు కదలికచే మెల్లమెల్లగా సడలుననియు వివరించెను. మధ్యాహ్నపు చెండాటకు సమాధానము దొరకెను. మా పరిహాసమునకు మాత్రము దొరకలేదు.

ఆ దినమునుండి ఈ వ్యాధిని గూర్చి చదువ మొదలిడితిమి. అట్లు మాకు పరిచితుడైనవాడు జార్జి ఫ్రెడరిక్ స్టిల్. ఆయన 1868లో లండనున జన్మించి, కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిను భాషలను చదివి, అటుపిమ్మట వైద్యమునకు మరలెను. గ్రేట్ ఆర్మండ్ వీధిలోని పిల్లల ఆసుపత్రిలో పనిచేయుచు, కీళ్లు వాచిన బాలబాలికలను ఓపికతో పరిశీలించెను. ముప్పదియేండ్లు నిండకమునుపే, 1897లో, 22 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. ఇది పెద్దల కీళ్లవాతమే చిన్న దేహమున కనబడుట కాదనియు, కొందఱు పిల్లలలో గ్రంథులును ప్లీహమును కూడ పెరుగుననియు అందు చూపెను. జ్వరముతోను దద్దుతోను వచ్చు ఒక విధమైన వ్యాధికి నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. సూక్ష్మయంత్రముల కంటె పిల్లవాని మంచముప్రక్క నిలిచిన సమయమే ఈ శోధనకు ఎక్కువ తోడ్పడెనని మా యభిప్రాయము.

1902లో ఆయన చేసిన ఉపన్యాసములు మమ్ము మఱింత కలచినవి. బుద్ధికి లోపములేకయు తమ్ము తాము అదుపులో నుంచుకొనలేని పిల్లలను గూర్చి అందు మాటలాడెను. ఉపాధ్యాయులు దుష్టస్వభావమని త్రోసివేయుచోట ఆయన దేహమున కారణమును వెదకెను. 1906లో కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో శిశురోగములకు ఆచార్యుడై, 1941లో మరణించెను. వివాహమాడలేదు.

ఆయన తరువాత బార్బరా ఆన్సెల్ అను వైద్యురాలు 1951 మొదలు టాప్లో గ్రామపు ఆసుపత్రిలో ఈ పిల్లలకొఱకే శ్రమించెను. 1992లో ప్రకటింపబడిన ఒక పరీక్ష, కాన్సరునకు వాడు మెథోట్రెక్సేటును వారమున కొకమారు స్వల్పముగా నిచ్చిన పిల్లలకు మేలగునని తేల్చెను. మా బాలునకు వ్రాసినదియు అదియే. కన్నులను కూడ తఱచు పరీక్షింపించవలెనని వైద్యుడు హెచ్చరించెను. ఈ వ్యాధి కొందఱి కంటిలోపల, ఎఱ్ఱదనముగాని నొప్పిగాని లేకుండనే, వాపు కలిగించునట! తలిదండ్రులు ఈ మాటను మఱువకుందురు గాక.

కొన్ని నెలలకు వాపు తగ్గెను. ప్రార్థనశాలలో వానికొక ముక్కాలిపీట వేయించితిమి. 2022లో పదవ తరగతి ముగించి సెలవు పుచ్చుకొన వచ్చినప్పుడు, ఆ బెంచి సంగతి యెత్తి మేము వానిని క్షమాపణ వేడితిమి. వాడు సిగ్గుపడి తలవంచి, "గోడకుర్చీ వేయించలేదు గదండీ, అదే చాలు" అనెను.