నల్ల బీరు, దశమూలారిష్టం

పోయిన వారం ఆవకాయ గురించి రాసిన మనిషి ఈ వారం బీరు గురించి రాయడమేమిటని మీలో కొందరు అనుకుంటారు. అనుకోండి, పర్లేదు. మా పేట్ బషీరాబాద్‌లో కూరగాయల బండి చుట్టూ చేరి ఆడవాళ్లం మాట్లాడుకునే కబుర్లలో మగవాళ్ల తాగుడు ఎప్పుడూ ఉంటుంది. ఎవరింట్లో ఎంత గొడవైందో అందరికీ తెలుసు. కానీ ఆ గ్లాసులో ఏముంటుందో, దాన్నెలా తయారు చేస్తారో మాత్రం ఎవరం మాట్లాడుకోం.

మా అమ్మాయికి ఇరవై అయిదేళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, అక్కడే హాస్టల్. ప్రమోషన్ వచ్చిందని నన్నూ వాళ్ల నాన్ననీ జూబ్లీహిల్స్‌లో ఒక చోటికి రమ్మంది. బీరు అక్కడే కాచి, అక్కడే పోస్తారు. మైక్రోబ్రూవరీ అంటారట. మన తెలంగాణలో వీటికి 2015లో నియమాలు వచ్చాయి. సుచిత్ర దాటి బాలానగర్ ఫ్లైఓవర్ ఎక్కి మేం అక్కడికి చేరేలోపు, "నాకు మాత్రం లైమ్ సోడా" అని మా ఆయనకి మూడుసార్లు చెప్పాను. ఆయనెలాగూ మజ్జిగ మనిషి.

అద్దాల గోడ వెనక పెద్ద పెద్ద స్టీలు గంగాళాలు. మెనూలో ఒక నల్ల బీరు పేరు కింద దాల్చిన చెక్క, లవంగం, యాలకులు, నారింజ తొక్క అని రాసుంది. ఇది బీరా, బిర్యానీయా అన్నాను. అమ్మాయి నవ్వి, "ఒక్క గుక్క తాగి చూడమ్మా. నచ్చకపోతే నేనున్నాగా" అంది.

గ్లాసు వచ్చింది. చిక్కటి ఫిల్టర్ డికాక్షన్ రంగు, పైన బెల్లం పాకం పొంగులాంటి నురుగు. చల్లగానే ఉంది కానీ పళ్లు జివ్వుమనేంత కాదు. మరీ చల్లగా ఉంటే మసాలా వాసన తెలియదట. ముందు వేయించిన గింజల వాసన, మాడబోయే క్షణంలో దించినట్టు. ఆ వెనకే లవంగం. నోట్లో పోసుకుంటే మొదట చేదు. కాకరకాయ చేదు కాదు, తాలింపులో మెంతులు ఎర్రబడినప్పటి చేదు. తర్వాత కొంచెం తీపి, గొంతులో మసాలా వెచ్చదనం. చివర నాలుక మీద మిగిలింది వగరు. మన షడ్రుచుల్లో వగరుకి సంస్కృతంలో కషాయమని పేరు. జలుబు చేస్తే మనం కాచుకునేదీ కషాయమే. నేను చదివిన బీఏ తెలుగు ఇన్నాళ్లకి బీరు గ్లాసు ముందు పనికొచ్చింది!

రెండో గుక్కకి, ఈ రుచి నాకు తెలుసే అనిపించింది. ఎక్కడ తాగాను? మూడో గుక్కకి గుర్తొచ్చింది. దశమూలారిష్టం!

మా అమ్మాయి పుట్టినప్పుడు, బాలింతకి బలమని అమ్మ రోజూ అన్నం తిన్నాక అంతే నీళ్లు కలిపి నా చేత తాగించేది. పది రకాల వేర్లు కషాయం కాచి, బెల్లం, తేనె, ద్రాక్ష, ధాతకీ పూలు వేసి పులియబెడతారు. అందులోనూ దాల్చిన చెక్క, లవంగం, యాలకులు, జాజికాయ, పిప్పళ్లు ఉంటాయి. అలా పులిసినప్పుడు దానంతట అదే ఆల్కహాలు పుడుతుంది. ఇలాంటి అరిష్టాల్లో అది సుమారు 5 నుంచి 10 శాతం ఉంటుంది. సీసా మీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది, మనం చదవం. నా ముందున్న నల్ల బీరూ ఇంచుమించు అంతే. బాలింతకి చెంచాతో పోస్తే మందు, మగవాడు గ్లాసులో పోసుకుంటే మందు. మన తెలుగు గడుసుది, రెండింటికీ ఒకటే మాట పెట్టింది.

దాని తయారీ వింటుంటే నాకు వంటిల్లే కనిపించింది. బార్లీ గింజలు నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెడతారు. మనం రాగి మాల్ట్‌కి చేసేది అదే కదా. నలుపు కోసం కొన్ని గింజల్ని మాత్రం కాఫీ గింజల్లా బాగా మాడుస్తారు. వేడినీళ్లలో నానబెట్టి ఆ తీపి నీళ్లు తీసి, హాప్స్ అనే చేదు పూలతో మరిగిస్తారు. మసాలా సాధారణంగా చివర్లో వేస్తారు, వాసన పోకుండా. మన చారు పొడి సంగతీ అంతే. చల్లారాక ఈస్ట్ కలిపి రోజుల తరబడి పులియనిస్తారు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఇదంతా ఇల్లాళ్ల పనేనట. ఇంటికి కాచి, మిగిలింది అమ్ముకునేవారు. లాభాలు పెరిగాక అది మగవాళ్ల వ్యాపారమైంది. ఆ ముక్క విని నేనేం ఆశ్చర్యపోలేదు.

మా నాయనమ్మ కల్లు తాగేది. సిద్దిపేట పక్క పల్లె మాది. పొద్దుగూకాక గడప మీద కూచుని ముంతెడు ఈత కల్లు తాగి, మక్క గుడాలు తిని పడుకునేది. బోనాలకి అమ్మవారికి కల్లు సాక పోసేదీ ఆవిడే. ఎవరూ తప్పు పట్టలేదు. ఒక తరం మారేసరికి అమ్మకి ఆ వాసనే పడకుండా పోయింది. కారణం నాన్న. ఆయనది కల్లు కాదు, సారా ప్యాకెట్లు. అమ్మ పుస్తెలు కుదువకి పోయిన రోజు నాకింకా గుర్తే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని రేడియోలో విని అమ్మ ఏడ్చింది. 1993 అక్టోబరులో సారా నిషేధించారు, 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో దుకాణాలు మళ్లీ తెరిచారు. మా నాన్నకి మధ్యలో గుడుంబా దొరికింది. ఆయన పోయి పద్దెనిమిదేళ్లు.

ఇప్పుడు అమ్మ మా దగ్గరే ఉంటుంది. మేం ఇంటికొచ్చేసరికి పది దాటింది, ఇంకా పడుకోలేదు. దగ్గరికి వెళ్లగానే, "లవంగాల వాసనొస్తుంది, ఏం తిన్నరు బిడ్డా?" అంది. దాచాలనిపించలేదు. చెప్పాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పిల్ల గూడ తాగిందా?"

"తాగిందమ్మా. ఒక్క గ్లాసే."

"మీ నాయిన గూడ మొదలు ఒక్క గ్లాసే తాగిండు."

దశమూలారిష్టం సంగతి, నాయనమ్మ ముంత సంగతి, దారంతా మనసులో పేర్చుకున్నవన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. ఆ మాట అనే హక్కు అమ్మకి ఉంది. మా అమ్మాయి మా నాన్న కాదన్నదీ నిజమే. మంచినీళ్ల చెంబు అమ్మ పక్కన పెట్టి, లైటు తీసేశాను.

మర్నాడు అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మమ్మ ఏమంది?" అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అటువైపు కొంచెంసేపు చప్పుడు లేదు. "తాతయ్య గురించి నాకెవరూ సరిగ్గా చెప్పలేదమ్మా. ఆదివారం వస్తా. అమ్మమ్మనే అడుగుతా" అంది.

అమ్మకి చెప్పాను. చిక్కుడుకాయలు వలుస్తూనే, తలెత్తకుండా, "రానియ్. తలకాయ కూర తెప్పియ్. కూసోని చెప్త" అంది.