పన్ను నాటించుకున్న ముచ్చట

పత్తి రేటు, యూరియా గురించి రోజూ మాట్లాడుకుంటనే ఉన్నం. ఇయ్యాల పన్ను గురించి రాస్తున్న. పన్ను పోతే "ఇంకో పక్క నములుదాం తీయ్" అని ఊకునేటోళ్లు మనలనే ఎక్కువ.

నిరుడు బోరు మోటార్ బోల్టు తిప్పుతుంటే పానా జారి ముందు పన్నుకు తగిలింది. నా బిడ్డ హైటెక్ సిటీల కొలువు చేస్తది. మాదాపూర్‌ల ఆమె ఆఫీసు దగ్గరి పండ్ల దవాఖానకు తీస్కపోయింది. ఎక్స్‌రే తీస్తే వేరు నిలువునా పగిలి ఉంది. తీసుడే అన్నది డాక్టరమ్మ.

తీసినంక మూడు తొవ్వలు చెప్పింది. ఒకటి, తీసిపెట్టుకునే పన్ను. ఖర్చు తక్కువ. రెండు, బ్రిడ్జి. అటుఇటు ఉన్న మంచి పండ్లను అరగదీసి, వాటి ఆసరాతో నడిమి పన్ను కడతరు. మూడు, ఇంప్లాంట్. దవడ ఎముకల టైటానియం మర బిగించి, ఎముక దాన్ని పట్టుకున్నంక మీద పన్ను తొడుగుతరు. మంచి పండ్లను ముట్టుకోవాల్సిన పని లేదు.

ఇనుము లెక్క ఉన్నదాన్ని ఎముక పట్టుకుంటదా అని అడిగిన. స్వీడన్‌ల బ్రానెమార్క్ అనే ఆయన 1952ల కుందేలు ఎముకల టైటానియం పెట్టి పరిశోధన చేసిండట. తర్వాత తీద్దామంటే రాలేదు, ఎముక అతుక్కపోయింది. 1965ల మొదటిసారి మనిషి దవడకు పెట్టిండు.

మర బిగించకముందు షుగర్ పరీక్ష చేయించింది. మూడు నెలల సగటు 9 దాటింది. నాకు షుగర్ ఉన్నట్టే తెల్వదు. "ఇట్లుంటే పుండు మానదు, ఎముక పట్టదు. తగ్గించుకుని రాండ్రి" అని పంపింది. బిడ్డ మొఖం చిన్నబోయింది. నాకు మా నాయిన యాదికొచ్చిండు. కాలి పుండు మానక మానక పోయిండు. ఎందుకో అప్పుడు ఎవరికీ సమజ్ కాలే.

నాలుగు నెలలు గోలీలు, రాత్రి జొన్నరొట్టె, బీడీ బంద్. బీడీ తాగినా ఎముక సరిగ పట్టదట. షుగర్ దిగినంకనే మర బిగించింది. ఇంకో నాలుగు నెలలకు పన్ను తొడిగింది. అప్పటిదాక తీసిపెట్టుకునే పన్నుతోనే నడిపిచ్చిన. నాటేసిన తెల్లారే మొక్కను గుంజి చూడం కదా, ఇదీ గంతే. మొత్తం 35 వేలు అయినయి. సగం బిడ్డ ఇచ్చింది, సగం పత్తి పైసలు.

పెట్టుడు పన్ను పుచ్చదు, కానీ చుట్టూ చిగురు చెడితే మర కదులుతది. రోజూ తోముడు తప్పదు. అంత ఖర్చు పెట్టలేనోళ్లు ముందుగాల అఫ్జల్‌గంజ్‌ల సర్కారు దంత వైద్యశాలల చూపించుకోండ్రి.

ఇంకొక్క మాట. 30 ఏండ్లు దాటినోళ్లు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల షుగర్ పరీక్ష చేయించుకోండ్రి, పైసలు తీసుకోరు. ఇంట్ల ఆడోళ్లను కూడా తీస్కపోండ్రి.