ఇంటి పాటల పెట్టె

పాటలను గూర్చి వ్రాయబూనిన మాకు సంగీతము రాదు. ఈ మాట ముందుగనే చెప్పుకొనుట మేలు. చిన్ననాడు మా నాయనగారియొద్ద భాగవతమును, వసుచరిత్రమును చదువుకొంటిమి గాని వీణ ముట్టి యెరుగము. కంప్యూటరు విద్యయు నంతంతమాత్రమే. అయినను మూడేండ్ల నుండి మా యింట నొక పాటల పెట్టెను మేమే నడపుచున్నాము. దానివలన మిక్కిలి సంతోషమును బొందితిమి. ఒకమారు గట్టి దెబ్బయు దింటిమి. ఆ రెండును చెప్పవలెనని యీ ప్రయత్నము.

మా పుట్టినిల్లు నంద్యాల చెంత. మెట్టినిల్లు మైదుకూరు చెంత. సుంకేసుల యొద్ద తుంగభద్ర నుండి బయలుదేరిన కర్నూలు–కడప కాలువ యీ రెండు తావులను దడుపుచు కడప వరకు వచ్చును. వచ్చునని పేరే గాని, కాలువ తుదనున్న పొలములవారికి నీరెప్పుడు వచ్చునో, యెప్పుడు కట్టివేయుదురో చెప్పుట కష్టము. అందుచేతనే మా మామగారు కాలువ క్రింద భూమి యున్నను పెరటి బావిని పూడ్చనియ్యలేదు. "కాలువ సర్కారుది, బావి మనది" అనుచుండెడివారు.

నెలనెలా చందా కట్టి ఫోనులో వినెడు పాటలు కాలువ నీటివంటివి. ఈ సంగతి మాకు మా అత్తగారివలన దెలిసినది. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట హరిశ్చంద్ర నాటకపు పద్యములు వినుట ఆమెకు నలవాటు. ఈ సీమలో నాటకపు పద్యమనిన చెవి కోసుకొనువారే అందరును. సురభివారు 1885లో తొలి యాట యాడినది కడప సీమలోని సురభి గ్రామముననే గదా. ఒకనాటి సాయంకాలము ఆ పద్యములు పలుకలేదు. వాని పేర్లు మాత్రము బూడిదరంగున గనబడుచుండెను. "ఏమమ్మీ, అరిచ్చంద్రుడు యాడికి బోయినాడు?" అని అత్తగారడిగిరి. పాటల హక్కులు గలవారికిని, వినిపించు కంపెనీకిని నడుమనున్న ఒప్పందము ముగిసిన, పాట మన ఫోను నుండి తొలగిపోవునట. మేము చెల్లించిన సొమ్ము పాటకు గాదు, వినుటకు మాత్రమేనట. ఆ ముసలామెకు ఈ న్యాయము నెట్లు బోధించుట? బావి త్రవ్వుకొనవలెనని యా రాత్రియే నిశ్చయించితిమి.

అయితే మమ్ము నిజముగా బురికొల్పినది హరిశ్చంద్రుడు గాడు. మా పెట్టెలో నాయనగారి క్యాసెట్లు తొమ్మిది యుండెను. 1998వ సంవత్సరపు వానకాలమున మా యన్నగారొక టేపురికార్డరు దెచ్చి, నాయనగారు వసారాలో భాగవతము చదువుచుండగా పట్టినవి యవి. మాకప్పుడు తొమ్మిదేండ్లు. నాయనగారు 2009లో గతించిరి. క్యాసెట్టులోని నాడా సన్నని ప్లాస్టిక్కు పొరపై ఇనుప తుప్పువంటి పొడి పూసినది. మా సీమ యెండలకు అది యతుకుకొనును, పొడి రాలును, గొంతు మసకబారును. ఇంక ఆలస్యము చేసిన నేమియు మిగులదని మావారు హెచ్చరించిరి.

ప్రొద్దుటూరిలో ఇంజనీరింగు చదువుచున్న మా అక్కగారి కుమారుడు సెలవులకు వచ్చి సాయపడెను. మావారి పాత ల్యాప్‌టాపు తెర పగిలి మూలబడి యుండెను. దానినే పెట్టెగా జేసితిమి. దానికి సొంత బ్యాటరీ యుండుటచేత కరెంటు పోయినను వెంటనే యాగదు. ఇది మా యూరికి మిక్కిలి యనుకూలమైన గుణము. అందు నావిడ్రోమ్ అను ప్రోగ్రామును ఎక్కించినాడు. అది యుచితము, దాని మూలమెల్ల బహిరంగము. పాటలను ఒక సంచిలో వేసి చోటు జూపిన చాలు. అది వానిని వరుసబెట్టి ఇంటిలోని ఫోనులన్నిటికి వినిపించును. ఇంటి వైఫై ఉన్నచో చాలును, ఇంటర్నెట్టు లేకున్నను వినవచ్చును. ఈ యొక్క ముక్క గ్రహించుటకు మాకు రెండు దినములు పట్టినది. పెట్టె మన యింటనే, ఫోను మన యింటనే, నడుమ గోడ మాత్రమే. పాట సముద్రము దాటి రావలసిన పని యేమి?

ప్రయాణములకు మరియొక యుపాయము గలదు. బయలుదేరుటకు ముందు కావలసిన పాటలను ఫోనులోనికి దింపుకొందుము. ఆత్మకూరు నుండి దోర్నాలకు నల్లమలలో బస్సు పోవునప్పుడు సిగ్నలు తరచుగా నుండదు. అందరి ఫోనులును మూగవోయిన వేళ మా పిల్లలు హాయిగా పాటలు వినుచుందురు. ఊరినుండి గూడ ఇంటి పెట్టెను అందుకొనుటకు టెయిల్‌స్కేల్ అను దానితో, మా ఫోనులకు మాత్రమే తెలిసిన దొడ్డివాకిలి యొకటి పెట్టించితిమి. వీధివాకిలి తెరువలేదు. మేము కొన్న పాటలు మా యింటివారము వినుటకే గాని ఊరికి బంచుటకు గావు.

క్యాసెట్లను ఎక్కించుట మాత్రము దీర్ఘమైన పని. టేపురికార్డరు నుండి కంప్యూటరునకు తీగె కలిపి, ఆడాసిటీ యను ప్రోగ్రాముతో బట్టవలెను. గంట క్యాసెట్టునకు గంట పట్టును; తొందర పెట్టుటకు వీలులేదు. సంకోచింపజేయక యుంచిన గంటసేపు ధ్వని సుమారు 635 మెగాబైట్లు. ఫ్లాక్ అను పద్ధతిలో ఏమియు నష్టపడకయే అది ఇంచుమించు సగమగును. ఎంపీ3లో చెవికి అంతగా దెలియని భాగములను విడిచివేసి 58 మెగాబైట్లకు దింపవచ్చును; కాని విడిచినది మరల రాదు. పెట్టెలో ఫ్లాక్ ఉంచితిమి. ఫోనులోనికి దింపునప్పుడు చిన్న ఎంపీ3గా మార్చి యిచ్చునట్లు అక్కగారి కుమారుడు అమర్చెను.

అన్నియు నెక్కించి తెరచి చూడగా, నాయనగారి పద్యములన్నియు "అన్‌నోన్ ఆర్టిస్ట్" అను పేరు క్రింద జేరియుండెను. పాడినవారి పేరు వ్రాయనిచో అది యట్లే చూపునట. యంత్రమునకు దెలియదు, నిజమే. అయినను మనస్సు చివుక్కుమన్నది. పది రాత్రులు కూర్చుండి ఒక్కొక్కదానికి స్కంధము, ఘట్టము, చదివినవారి పేరు వ్రాసితిమి. రాగమను గడిలో నేమి వ్రాయుటకును దోచలేదు. "నాయనగారి వరుస" అని వ్రాసితిమి. "చిన్నమ్మా, అట్లాంటి రాగం లేదు" అని వాడు నవ్వెను. ఉన్నదని చెప్పితిమి.

ఇక దెబ్బ సంగతి. పెట్టెను పిల్లల చేతులకు అందకుండ అటకపై నుంచితిమి. మా యిల్లు నాపరాళ్ళ కప్పు. మే నెలలో ఆ రాళ్ళ క్రింద నెట్లుండునో ఈ సీమవారికి జెప్పనక్కరలేదు. గడచిన యేటి మే నెలలో ఒక మధ్యాహ్నము పెట్టె టిక్కుటిక్కుమని మ్రోగి నిలిచిపోయెను. పాత రకపు డిస్కులో చక్రము తిరుగుచుండును, దానిపై ముల్లు కదలుచుండును. ఆ రెంటికిని పొత్తు చెడినదట. పట్టణమున నొక దుకాణమువారికి జూపించితిమి. వారు రెండు వారములుంచుకొని, ఏమియు రాదని తిరిగి యిచ్చిరి.

రెండవ ప్రతి మేము తీసియుండలేదు. ఇది యెవరి దోషమును గాదు, మాదే.

దైవవశమున మావారు బడికి బోవునప్పుడు వినుటకై ఏడు క్యాసెట్ల పద్యములను తమ ఫోనులోనికి దింపుకొనియుండిరి. అవి చిన్న ప్రతులే; నాయనగారి గొంతులో వెనుకటి నిండుదనము కొంత తగ్గినది. అయిననేమి, మిగిలినవి. వాని క్యాసెట్లను మరల నెక్కింప జూచితిమి గాని మూడింటి నాడా అప్పటికే యతుకుకొనిపోయెను. ఎనిమిదవది మరల నెక్కించుకొంటిమి. తొమ్మిదవదాని నాడా, తొలిమారు ఎక్కించిన తరువాత, టేపురికార్డరులో జిక్కి తెగిపోయెను. పెట్టెలో నున్నది గదా యని పారవేసితిమి. ఆ పారవేసిన చేయి మాదే.

అందున్నది రుక్మిణీకల్యాణము. ఆ పద్యములు పుస్తకముననున్నవి, మాకు కంఠస్థముగ నున్నవి, ఎందరో పాడియున్నారు. మేము దుఃఖించినది వానికి గాదు. పద్యములు ముగిసిన పిదప టేపు నాపుట మరచిరి. అందు పెంకుల మీద వాన చప్పుడు, నాయనగారు మజ్జిగ యడుగుట, తరువాత ఒక చిన్నపిల్ల ఏదో మాటకు అర్థమడుగుట, ఆయన ఓపికగా జెప్పుట యుండెను. ఆ పిల్లను మేమే. ఏ మాటకు అర్థమడిగితిమో ఇప్పుడు జ్ఞప్తికి రాదు.

ఆ దసరాకు తాళ్ళపాకకు బోయితిమి. అన్నమాచార్యులవారు (1408–1503) పుట్టిన యూరది. 32,000 సంకీర్తనలు చెప్పిరని ప్రతీతి. వారి కుమారుల కాలమున రాగిరేకులపై జెక్కించి తిరుమల గుడిలో నొక చిన్న అరలో నుంచిరి. 20వ శతాబ్దమున అవి వెలికివచ్చిన పిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు పరిష్కరించిరి. దొరకినవి 12,000కు పైగా నున్నవి. రేకులపై ప్రతి సంకీర్తనకును రాగము పేరున్నది గాని స్వరము లేదు. తరువాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు కొన్నింటికి వరుసలు గట్టిరి. మావారు ఇదియంతయు పిల్లలకు వివరించుచుండగా మేము వేరొకటి తలపోయుచుంటిమి. ఆ మహానుభావుని మాటలను రాగి కాపాడినది. ఆయన యెట్లు పాడెనో ఆ గొంతుతోనే పోయినది. మా కష్టమును అంతటి దానితో బోల్చుట యహంకారమని యెరుగుదుము. అయినను తలపు వచ్చినది, వ్రాసితిమి.

ఇప్పుడు పెట్టెలో చక్రము లేని క్రొత్త డిస్కు వేయించితిమి. అటక దింపి, గాలి తగులు గూటిలో నుంచితిమి. విత్తనపు జొన్నలను ఒకే గాదెలో బోయరాదని మా అత్తగారు తొలినుండి చెప్పుచునే యుండిరి. ఒక ప్రతి పెట్టెలో, ఒకటి వేరు డిస్కుపై బీరువాలో చీరల నడుమ, మరియొకటి నంద్యాలలో మా యన్నగారి యింట. నెలకొకమారు బీరువాలోని డిస్కును దీసి క్రొత్తవి చేర్చి, ఏదైన నొక పద్యమును నిజముగా వినిచూతుము. దాచినంత మాత్రమున ఉన్నట్లు గాదని నేర్చుకొంటిమి.

హరిశ్చంద్రుడును మరల వచ్చినాడు. ఆ పద్యముల డిస్కును మావారు అంగడిలో వెదకి కొని తెచ్చిరి. అత్తగారు ఇప్పుడు వినుటతో దృప్తి పొందక తామే పాడుచున్నారు. వడ్లు దంచునప్పుడు తమ తల్లిగారు పాడిన పాట యొకటి కలదట. మొన్న గురువారము వంటింట గూర్చుండి పాడగా ఫోనులో బట్టితిమి. నడుమ ఒక చరణము మరచి, దగ్గి, నవ్వి, మరల నెత్తుకొనిరి. మరునాటి యుదయమున మా యొద్దకు వచ్చి, "అమ్మీ, నిన్న పాడింది తప్పు. ఆ చరణం రాత్రి గుర్తుకొచ్చినాది. అది తుడిచేయ్, మళ్ళా పాడతా" అనిరి.

మరల పాడించితిమి. మొదటిదానిని మాత్రము తుడువలేదు, ఆమెకు జెప్పలేదు.