గాడిలో ఇరుక్కున్న తీగ



నరసరావుపేటలో తెల్లవారుజామున బస్సు ఎక్కి మాచర్ల వైపు వెళ్ళే దారి మాకు క్రొత్త కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, తరువాత గురజాల, ఆపైన ఎండలకు పేరుమోసిన రెంటచింతల. 2022లో నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడింది గాని, ఈ దారిన సేవకుల ప్రయాణము బహు పాతది. 1842లో గుంటూరుకు వచ్చిన హేయర్ దొరగారు ఆ తరువాత గురజాలలో నివసించి ఈ ప్రాంతములో పనిచేశారు. ఆయన కాలములో ఈ బస్సులూ లేవు, తారు రోడ్లూ లేవు.

మొన్న ఏప్రిల్ మొదటి వారములో మాచర్లకు దగ్గరలోని ఒక గ్రామ సంఘములో మూడు రోజుల కూడికలకు మమ్మును పిలిచారు. కళ్ళాలలో ఇంకా ఎండుమిర్చి ఉన్నది. గాలి వీచినప్పుడల్లా ఘాటుకు అందరమూ తుమ్ముతూనే ఉన్నాము. మందిరము చిన్నది, పైన రేకులు. పాటలకు ఒక హార్మోనియము, ఒక డప్పు, వాటి ప్రక్కన ఇంటరు చదివే ఒక కుర్రవాని గిటారు.

మొదటి రాత్రి రెండు పాటలు బాగానే సాగినవి. మూడవ పాటలో గిటారు ఒక దారి, హార్మోనియము ఒక దారి అయినవి. ప్రక్కన కూర్చున్న పెద్దలు మొగములు చిట్లించారు. మేము మైకు చేతిలో ఉండగానే, "తమ్ముడూ, ముందు శ్రుతి చేయడము నేర్చుకొని తరువాత వాయించు" అన్నాము. కొందరు నవ్వారు. ఆ బిడ్డ ఏమీ అనలేదు. గిటారును సంచిలో పెట్టుకొని వెనుక తలుపు గుండా వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనము దగ్గర మాకు తెలిసినదేమంటే, ఆ గిటారు వాని తల్లి మిరపకాయ కోతల కూలి డబ్బు కూడబెట్టి కొన్నది. ఆ మాట విన్న తరువాత మాకు అన్నము సహించలేదు.

ఉదయమే వారి ఇంటికి వెళ్ళాము. ఆమె మంచము వాల్చి, "కూర్చోండయ్యగారూ" అన్నది గాని మా మొగము చూడలేదు. కుర్రవాడు గిటారు తెచ్చి, "చూడండయ్యగారూ, నేను ఫోనులో చూసే శ్రుతి చేస్తాను" అని చూపించాడు. నిజమే. ఆరు తీగలూ సరిగ్గా నిలిచినవి. రెండు పాటలు వాయించేసరికి మూడవ తీగ జారిపోయినది. వాడు బిరడ త్రిప్పాడు; శ్రుతి కదలలేదు. ఇంకొంచెము త్రిప్పాడు; 'టిక్' మని చప్పుడై ఒక్కసారి పైకి ఎగిరినది. వాని చెవిలో ఏ లోపమూ లేదు.

గురజాలలో మాకు పరిచయమున్న ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారు ఉన్నారు. ముప్పై ఏండ్లుగా గిటారు వాయించే మనిషి. కుర్రవానిని వెంటబెట్టుకొని బస్సెక్కాము. దారి పొడవునా వాడు కిటికీలోనుండి బయటికి చూస్తూనే ఉన్నాడు.

మాస్టారు బిరడ ఒక్కసారి త్రిప్పి, ఆ 'టిక్' వినగానే నవ్వారు. "దోషము పిల్లవానిది కాదు, నట్టుది" అన్నారు. గిటారు మెడ చివర, తల మొదలయ్యే చోట, ఎముకతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన చిన్న పట్టీ ఉంటుంది. దానినే నట్టు అంటారు. దాని మీది ఆరు గాడులలో ఆరు తీగలు కూర్చుంటాయి. ఉక్కు తీగల గిటారులో అన్నీ కలిసి సుమారు 70 కిలోల బిగువున లాగుతుంటాయి.

"బావి గిలక బిగుసుకుపోతే ఏమవుతుంది? మనము లాగే ప్రక్క చేంతాడు బిగుస్తుంది, బొక్కెన మాత్రము కదలదు. గట్టిగా లాగితే ఒక్క కుదుపుతో పైకి వస్తుంది. ఇదీ అంతే" అన్నారు. బిరడ వైపు బిగువు పేరుకొని, గాడిలో పట్టు తప్పగానే తీగ ఒక్కసారిగా జారుతుంది. అదే ఆ చప్పుడు. వాయించేటప్పుడు సాగిన తీగ మరల తన చోటికి రాక గాడిలో ఆగిపోతుంది. అటు మూడు, ఇటు మూడు బిరడలున్న గిటారులలో మూడవ, నాల్గవ తీగలు ఎక్కువగా ప్రక్కకు వంగి వెళ్తాయి గనుక వాటికే ఈ బాధ ఎక్కువ.

మందు ఆయన బల్లమీదనే ఉన్నది: 4బి పెన్సిలు. పెన్సిలు ములుకు సీసము కాదు, బంకమట్టి కలిపిన గ్రాఫైటు. దాని పొరలు ఒకదానిమీద ఒకటి సులువుగా జారుతాయి. 'బి' అంకె పెరిగేకొద్దీ ములుకు మెత్తన.

ఆయన ఒక్కొక్క తీగనే వదులు చేసి, గాడిలోనుండి ప్రక్కకు తీసి, పాత పండ్లకుంచెతో దుమ్ము దులిపి, సన్నగా చెక్కిన పెన్సిలుతో గాడి అడుగునా అంచులనూ రుద్దారు. మిగిలిన పొడి ఊది, తీగను మరల కూర్చోబెట్టారు. శ్రుతికి క్రిందినుండి పైకి వచ్చి ఆగాలి గాని, పైనుండి దించి ఆగకూడదన్నారు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పోయవద్దన్నారు; అవి దుమ్ము పట్టి చెక్కలోకి ఇంకుతాయి. గాడి తీగకంటే ఇరుకైతే పెన్సిలు చాలదు, తెలిసినవారిచేత ఆకురాయి పట్టించాలి. లోతు ఎక్కువైతే తీగ మొదటి మెట్టుకు తగిలి జుర్రుమంటుంది. తీగలు మార్చినప్పుడల్లా పెన్సిలు మరల రుద్దుకోవాలి.

"రేకుల క్రింద వేడి మాట మరువకు" అని కుర్రవానితో అన్నారు. డప్పును మంటకు చూపితే చర్మము బిగిసి గొంతు పెరుగుతుంది. ఉక్కు తీగ మాత్రము వేడికి సాగి గొంతు తగ్గుతుంది. కనుక గిటారును మందిరములో కొంతసేపు ఉంచి, ఆ తరువాతే శ్రుతి చేయాలి.

తిరుగు ప్రయాణములో వాడు మాట్లాడసాగాడు. మాచర్ల వచ్చేలోగా పాటలన్నీ వరుస పెట్టుకున్నాడు.

ఆ రాత్రి వాడు మందిరము లోపలికి రావడానికి జంకి గుమ్మము దగ్గరే ఆగాడు. మేము అదే మైకు తీసుకొని, "నిన్న మేము తెలిసికొనకుండా ఈ తమ్మునిని మీ అందరి ఎదుట తప్పుపట్టాము. తప్పు వానిది కాదు, మాది. మమ్మును క్షమించుమని వానిని, వాని తల్లిని అడుగుతున్నాము" అన్నాము. పదిమందిలో అన్న మాటకు ఇంటిలో క్షమాపణ చాలదని మాకు తోచినది.

నాలుగు పాటలు పాడాము. మూడవ తీగ నిలిచినది. రెండవ తీగ మాత్రము ఉక్కకు కొంచెము దిగితే, వాడు చప్పుడు లేకుండా సరిచేసుకున్నాడు. హార్మోనియము వాయించే తాతగారు వానివైపు తిరిగి తల ఊపారు.

మీ సంఘములోనూ ఇట్టి గిటారు ఒకటి ఉండవచ్చు. వాయించేవానిని మందలించక ముందు బిరడ ఒకసారి త్రిప్పి, ఆ 'టిక్' వినబడుతుందేమో చూడండి. పెన్సిలు వెల ఎంతో కాదు. మేము మా చేతిసంచిలో ఒకటి వేసుకొని తిరుగుతున్నాము.